ఫోర్ట్ మెక్‌ముర్రేలో ఎన్విరాన్‌మెంట్ ఉద్యోగం: వెళ్లొచ్చా?

ఎడ్మంటన్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. పీఆర్ (శాశ్వత నివాస వీసా) మీద ఈమధ్యే కెనడా వచ్చాను. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఎన్విరాన్‌మెంట్ పని చేశాను. ఇప్పుడు ఫోర్ట్ మెక్‌ముర్రే దగ్గరి ఆయిల్ శాండ్స్‌లో, అంటే చమురు కలిసిన ఇసుక గనుల్లో, ఒక కాంట్రాక్టర్ దగ్గర టెక్నీషియన్ ఇంటర్వ్యూ వచ్చింది. కంపెనీల సస్టెయినబిలిటీ రిపోర్టులు చదివితే అంతా పచ్చగా కనిపిస్తోంది. బయట చూస్తే లోకంలోకెల్లా మురికి ఆయిల్ ఇదే అంటున్నారు. ఏది నమ్మాలి? ఇంటర్వ్యూలో ఏం అడుగుతారోనని టెన్షన్‌గా కూడా ఉంది.

ఫోర్ట్ మెక్‌ముర్రే నుంచి:

తమ్ముడూ, రావచ్చు, నిరభ్యంతరంగా. రిపోర్టులు కూడా చదువు. కాకపోతే ఏ అంకె కనపడినా అది దేనికి లెక్కగట్టారో చూసుకో. బారెల్‌కు కార్బన్ తగ్గిందంటారు, అబద్ధం కాదు. కానీ బారెళ్లు ఎన్ని రెట్లు పెరిగాయి? 1990లో ఆయిల్ శాండ్స్ మొత్తం ఉద్గారాలు 15 మెగాటన్నుల (మెగాటన్ను అంటే పది లక్షల టన్నులు) దగ్గర ఉండేవి, ఇప్పుడు 80 దాటాయి. 2016లో మన ఆల్బర్టా రాష్ట్రం 100 మెగాటన్నుల హద్దు పెడుతూ చట్టం కూడా చేసింది. ఆ హద్దుకు ఎంత దూరంలో ఉన్నామో నువ్వే చూడు.

నేల సంగతి నీకు బాగా అర్థమవుతుంది. ఓబీ గుట్టల (గని పైనుంచి తీసిపోసిన మట్టి గుట్టల) మీద మొక్కలు పెంచినవాడివి కదా. ఇక్కడ సిన్‌క్రూడ్ కంపెనీ వాళ్ల గేట్‌వే హిల్ కూడా అలాంటి ఓబీ గుట్టే. 104 హెక్టార్లు. 2008లో దానికి ప్రభుత్వం రిక్లమేషన్ సర్టిఫికెట్ (నేల బాగుచేసినట్టు ధ్రువపత్రం) ఇచ్చింది, ఆయిల్ శాండ్స్ మొత్తానికి అదే మొదటిది. ఇక్కడ పెద్ద ఎత్తున తవ్వకం మొదలైంది 1967లో! ఇప్పటికి చెదిరిన నేల 900 చదరపు కిలోమీటర్ల పైమాటే. బాగుచేశామని కంపెనీ రాసుకున్న ఎకరాలు వేరు, సర్టిఫికెట్ వచ్చిన ఎకరాలు వేరు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చదువు.

అసలు తలనొప్పి టెయిలింగ్స్ పాండ్. వేడినీళ్లతో ఇసుక నుంచి బిటుమెన్ (తారులాంటి చిక్కటి చమురు) విడదీశాక మిగిలే బురద అది. ఇసుక వెంటనే కింద కూర్చుంటుంది, సన్న బంకమట్టి మాత్రం దశాబ్దాలైనా పూర్తిగా కింద కూర్చోకుండా, పలచని పెరుగులా నీళ్లలో తేలుతూనే ఉంటుంది. 2008లో సిన్‌క్రూడ్ పాండ్‌లో దిగి 1,600 బాతులు చచ్చిపోయాయి, 30 లక్షల డాలర్ల దాకా కట్టించారు. అందుకే గట్టు మీద నిలబడితే పక్షుల్ని బెదరగొట్టే గ్యాస్ తోపులు ఉండి ఉండి ఢామ్మంటుంటాయి. మొదట్లో ఉలిక్కిపడతావు, తర్వాత అలవాటైపోతుంది.

కాల్గరీ నుంచి:

అన్నా, పిల్లాణ్ని భయపెట్టకండి. బిటుమెన్ నిల్వల్లో సుమారు 80 శాతం గనిలా తవ్వలేనంత లోతున ఉన్నవే. అక్కడ బావి వేసి ఆవిరి పంపి లాగుతారు, టెయిలింగ్స్ పాండ్ గొడవే ఉండదు. స్థానిక ఆదివాసులందరూ ఆయిల్ శాండ్స్‌కు వ్యతిరేకమని కొందరంటారు, అదీ నిజం కాదు. 2017లో ఫోర్ట్ మెక్‌కే, మికిసూ క్రీ ఫస్ట్ నేషన్స్ (ఇక్కడి ఆదివాసీ సమాజాలు) కలిసి సన్‌కోర్ కంపెనీ ఈస్ట్ ట్యాంక్ ఫామ్‌లో (చమురు నిల్వ ట్యాంకుల్లో) 49 శాతం వాటా కొన్నాయి, సుమారు 50 కోట్ల డాలర్లకు. ఆ డబ్బుతో వాళ్ల ఊళ్లు బాగుపడుతుంటే మనకెందుకు బాధ?

ఫోర్ట్ మెక్‌ముర్రే నుంచి:

పాండ్ ఉండదు, ఒప్పుకుంటాను. ఆ ఆవిరి కాయడానికి కాల్చే గ్యాస్ ఎక్కడికి పోతుంది మరి? కార్బన్ లెక్కలో అది పెద్ద ఖాతాయే.

వాటా సంగతీ నిజమే. కానీ ఆ మికిసూ క్రీ వాళ్లే కెర్ల్ గని విషయంలో కంపెనీని గట్టిగా నిలదీశారు. తమ్ముడూ, ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఈ కేసు తప్పక చదువుకో. ఇంపీరియల్ ఆయిల్ కంపెనీ వాళ్ల కెర్ల్ గని దగ్గర 2022 మేలో రంగు మారిన నీళ్లు కనిపించాయి. పాండ్ నుంచి ఊట బయటికొస్తోందని తేలింది. దిగువనున్న ఫోర్ట్ చిపెవయాన్ (ఫోర్ట్ చిప్) ఊరివాళ్లకు మొదట ఒక కబురు పంపి ఊరుకున్నారు. 2023 ఫిబ్రవరిలో మరో కుంట నుంచి 53 లక్షల లీటర్లు పొంగి పొర్లి, రెగ్యులేటర్ ఆర్డర్ వేశాకే సంగతి అందరికీ తెలిసింది. అన్ని నెలలూ వాళ్లు ఆ చుట్టుపక్కల వేటాడుతూనే ఉన్నారు! పార్లమెంటు కమిటీ ముందు కంపెనీ సీఈఓ, రెగ్యులేటర్ పెద్ద, ఇద్దరూ క్షమాపణ చెప్పారు. ఊట కంటే ఆ మౌనమే ఎక్కువ చెడు చేసిందని నా అభిప్రాయం. వాటా ఇచ్చినంత మాత్రాన ఆ నమ్మకం తిరిగిరాదు.

ఎడ్మంటన్ నుంచి, కొత్త సభ్యుడు:

థాంక్స్ అన్నా. మరి ఆ ఊళ్ల వాళ్లతో నాకు పని పడుతుందా? ఎలా మాట్లాడాలో తెలియదు.

ఫోర్ట్ మెక్‌ముర్రే నుంచి:

పడుతుంది. శాంపిళ్లకు వెళ్లినప్పుడు వాళ్ల తరఫున గమనించే మనుషులు (మానిటర్లు) పక్కనే ఉండొచ్చు. ఇది ట్రీటీ 8 నేల, అంటే ప్రభుత్వానికీ ఫస్ట్ నేషన్స్‌కూ మధ్య 1899 నాటి ఒప్పందం. దాని గురించి రెండు పేజీలైనా చదువుకుని వెళ్లు. పెద్దవాళ్ల దగ్గర ఏదైనా తెలుసుకోవాలంటే ముందు పొగాకు చేతికివ్వడం ఆనవాయితీ, మీ టీమ్‌లో పాతవాళ్లను అడిగి అలాగే చేయి. నీ చేతిలో లేనిదానికి మాట ఇవ్వకు. "ఈ ఏటి చేప తినొచ్చా" అని అడిగితే నవ్వి దాటేయకు, రిజల్ట్ ఎప్పుడొస్తుందో, ఎవరు చెబుతారో కనుక్కుని చెప్పు. ఫోర్ట్ చిప్‌కు వేసవిలో రోడ్డు లేదు, విమానమో పడవో. చలికాలంలో మంచు రోడ్డు వేస్తారు.

ఇంటర్వ్యూలో "రిజల్ట్ లిమిట్ దాటింది, సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తడం లేదు, ఏం చేస్తావ్?" లాంటి ప్రశ్న రావచ్చు. సింగరేణిలో నీకు ఎదురైనదేదైనా చెప్పు, పుస్తకం జవాబు వద్దు. ఈలోగా హెచ్2ఎస్ అలైవ్ కోర్సు (హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు నుంచి జాగ్రత్త నేర్పేది) చేసేయ్, ఒక్క రోజు పని. డ్రగ్ టెస్ట్ ఉంటుంది, మందులేమైనా వాడుతుంటే ముందే చెప్పు. క్యాంపులో ఉంటావా, ఊళ్లో ఇల్లు తీసుకుంటావా అన్నది షిఫ్ట్ చేతికొచ్చాక చూద్దాం. ఊళ్లో అయితే 2016 అడవి మంటల్లో ఊరంతా ఖాళీ చేయించారు, 2024లోనూ కొన్ని పేటలు ఖాళీ అయ్యాయి. అద్దె ఇల్లే అయినా ఇన్సూరెన్స్ తీసుకో, పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు ఒకే సంచిలో పెట్టుకో. ఇంటర్వ్యూ అయ్యాక ఇక్కడే రాయి.