పాత ఫ్లాష్ ఉన్న కంప్యూటర్‌లో జనం దరఖాస్తులు నింపవచ్చా?

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

నాకు ఇక్కడ బజారులో జెరాక్స్, నెట్ సెంటర్ ఉన్నాయి. రెండు కంప్యూటర్లు. ఒకటి కొత్తది, రెండోది విండోస్ 7. ఆ రెండోదాన్ని తీసేయలేను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఒడియా పనికి ఆకృతి ఫాంట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, గుడి ఉత్సవాల పోస్టర్లు దాని మీదే తయారవుతాయి. రద్దీగా ఉన్నప్పుడు స్కాలర్‌షిప్ ఫారాలు, ఒడిశా భూ రికార్డుల సైట్ భూలేఖ్‌లో పట్టా నకళ్లు, పాతపట్నం వైపు కాలేజీల్లో చేరే పిల్లల దరఖాస్తులు కూడా దాని మీదే చేస్తున్నాం. అందులో ఉన్నది పాత ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, దానికి ఫ్లాష్ ప్లేయర్ ప్లగిన్ (వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు, ఆటలు ఆడించడానికి బ్రౌజర్‌కు తగిలించే పాత ప్రోగ్రాం).

మొన్న ఏదో పేజీ తెరవగానే పైన పెద్ద పసుపు పట్టీ వచ్చింది: మీ ఫ్లాష్ ప్లేయర్ పాతబడింది, భద్రత కోసం వెంటనే అప్‌డేట్ చేయండి అని. మా కుర్రాడు నొక్కబోతుంటే ఆపాను. పాతది ప్రమాదమైతే అప్‌డేట్ చేయడమే మంచిది కదా అంటాడు వాడు. పక్క దుకాణం ఆయనేమో నడుస్తున్నదాన్ని కెలకవద్దంటాడు. నా ప్రశ్న ఇంకొకటి కూడా ఉంది. అసలు అలాంటి కంప్యూటర్‌లో జనం కాగితాలు పెట్టి పని చేయడం న్యాయమేనా? ఆపేస్తే రద్దీ రోజుల్లో సగం బేరం పోతుంది. అందుకే అడుగుతున్నాను.

గుణుపురం డీటీపీ

అన్నగారూ, నేనూ విండోస్ 7 మీదే నెట్టుకొస్తున్నాను. కెలకవద్దు. ఒక్కసారి అప్‌డేట్ చేస్తే అను కీబోర్డు పనిచేయదు, ప్రింటర్ డ్రైవర్ దొరకదు, ఆ రోజు కార్డు ఇవ్వకపోతే పెళ్లివారు దుకాణం ముందే నిలబడతారు. యాంటీవైరస్ ఉంది కదా, దాని పని అది చేస్తుంది. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు. కొత్త కంప్యూటర్లు అమ్ముకోవడానికి కంపెనీలు మనల్ని భయపెడుతున్నాయని నా గట్టి నమ్మకం.

బరంపురం నెట్‌వర్క్

ముందు ఆ పసుపు పట్టీ సంగతి. దాన్ని నొక్కకపోవడం చాలా మంచి పని. ఫ్లాష్‌కు అప్‌డేట్ అన్నదే లేదు. దాన్ని ఆపేస్తామని, తయారుచేసిన అడోబీ కంపెనీయే 2017 జూలైలో ప్రకటించింది. 2020 డిసెంబర్ 31తో మద్దతు ముగించింది, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్‌లో ఏదీ నడవకుండా అడ్డుకుంది, కంప్యూటర్ల నుంచి తీసేయమని తానే చెప్పింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కూడా 2021 జనవరిలోనే దాన్ని పూర్తిగా వదిలించుకున్నాయి. కాబట్టి ఈ రోజు ఫ్లాష్ అప్‌డేట్ చేయమని ఏ పేజీ అడిగినా అది మోసమే, ఇందులో రెండో మాట లేదు. 2017 అక్టోబర్‌లో రష్యా, ఉక్రెయిన్ దేశాలను దెబ్బతీసిన బ్యాడ్ ర్యాబిట్ అనే వైరస్ సరిగ్గా ఈ వేషంలోనే వచ్చింది. ఫ్లాష్ అప్‌డేట్ అనుకొని నొక్కినవారి ఫైళ్లకు తాళం పడింది, డబ్బు కట్టమన్నారు.

ఇక మీ కంప్యూటర్‌లో ఫ్లాష్ ఇంకా నడుస్తోందంటే దాని అర్థం గమనించండి. ఆగిపోయే తేదీని అడోబీ 2020 మధ్యలో వచ్చిన కూర్పుల (వెర్షన్ల) నుంచి లోపలే పెట్టింది. మీది ఆగలేదంటే అంతకన్నా పాతది. ఆ తర్వాత మూసిన రంధ్రాలన్నీ, అంటే దొంగలు దూరగల భద్రతా లోపాలన్నీ, మీ దగ్గర తెరిచే ఉన్నాయి.

గుణుపురం అన్నగారూ, ఏళ్ల తరబడి ఏమీ కాలేదన్నారు. కాలేదని తెలిసేది ఎలా? పాస్‌వర్డ్ దొంగిలించేది తెర మీద కనబడదు. 2015 జూలైలో హ్యాకింగ్ టీమ్ అనే ఇటలీ నిఘా సంస్థ ఫైళ్లు బయటపడ్డాయి. ఫ్లాష్‌లో అడోబీకి కూడా తెలియని లోపాలు వాటిలో ఉన్నాయి. రోజులు తిరగకముందే దొంగలు వాటిని వాడుకోవడం మొదలుపెట్టారు. అలాంటి లోపం ఉన్నప్పుడు మీరు దేన్నీ నొక్కనక్కరలేదు. పేజీ మూలన ఒక ప్రకటన తెరుచుకుంటే చాలు.

పర్లాకిమిడి అన్నగారూ, ఒక్కసారి ఆ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. ఏ నెట్ సెంటర్‌లోనైనా అందులో ఉండేవి ఇవే: ఆధార్ స్కాన్లు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, కుల ధ్రువపత్రాలు, ఆడపిల్లల పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ఫైలు పేరే వాళ్ల పేరు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు సరేసరి. అవి మన ఆస్తి కావు. మన దగ్గర నమ్మి వదిలినవి. బేరం సగం పోతుందన్న బాధ నాకు అర్థమవుతుంది. కానీ జనం కాగితాలు పెట్టి పని చేయడం న్యాయమేనా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఒక్కటే, న్యాయం కాదు.

తెలుగు బడి (రాయగడ జిల్లా)

అందరూ తీసేయండి అంటున్నారు. మా సంగతి వినండి. ఒడిశాలో తెలుగు మాధ్యమం బడికి పాఠ్యపుస్తకాలే సమయానికి రావు. ఇంక బొమ్మలతో, గొంతుతో చెప్పే పాఠాలు ఎవరిస్తారు? మా దగ్గర ఒక పాత సీడీ ఉంది. అక్షరం మీద నొక్కితే పలుకుతుంది, గుణింతం వేలితో దిద్దినట్టు గీత గీస్తుంది. మొత్తం ఫ్లాష్‌లో చేసింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కొండ పల్లెల నుంచి వచ్చే పిల్లలకు కువి అనే గిరిజన భాష. ఈ పిల్లలు ళ, ల తేడా దాని ద్వారానే పట్టుకున్నారు. అలాంటి పాఠాలు కొత్తగా ఎవరూ చేయలేదు. ఫ్లాష్ తీసేస్తే కంపెనీకి పోయేదేమీ లేదు, మా పిల్లలకు పోతుంది.

బరంపురం నెట్‌వర్క్

టీచర్‌గారూ, మీ బాధ నిజం. ఫ్లాష్‌ను పాతిపెట్టినవారు ఇలాంటి చిన్న భాషల బడుల గురించి ఆలోచించలేదన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ పాఠం వేరు, ప్లగిన్ వేరు. మీకు కావలసింది ఆ సీడీలోని ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైళ్లు, అంటే ఫ్లాష్‌లో చేసిన పాఠాల ఫైళ్లు. వాటిని ఆడించడానికి బ్రౌజర్ ప్లగిన్ అక్కరలేదు. రఫుల్ అని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఫ్లాష్‌ను వాడకుండానే ఫ్లాష్ ఫైళ్లను నడుపుతుంది. పాత డిజిటల్ సరుకును భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారు 2020 నవంబర్‌లో పాత ఫ్లాష్ ఆటలను, బొమ్మలను బతికించుకున్నది దీనితోనే. సీడీ పాతది కనుక నడిచే అవకాశం ఎక్కువ, ఎందుకంటే తొలినాళ్ల ఫ్లాష్ భాష దానికి బాగా వచ్చు. తర్వాతి తరం ఫ్లాష్ భాష యాక్షన్‌స్క్రిప్ట్ 3తో చేసినవే అక్కడక్కడ మొరాయిస్తాయి. సీడీని ముందు పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసి పెట్టండి. గీతలు పడితే ఎవరూ ఏమీ చేయలేరు.

ప్రాణహిత తీరం (సిరొంచ)

మాది గడ్చిరోలి జిల్లా. నది దాటితే తెలంగాణ. ఇక్కడ నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాట్. సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే మేడ ఎక్కాలి. అప్‌డేట్లంటూ వందల ఎంబీలు లాగేస్తే ఆ రోజు డేటా అయిపోయినట్టే, తర్వాత వచ్చిన మనిషికి ఫారం నింపలేం. పట్నంలో తీగ కనెక్షన్ ఉన్నవారికి ఈ ఇబ్బంది తెలియదు.

బరంపురం నెట్‌వర్క్

సిరొంచ అన్నగారూ, ఫ్లాష్ తీసేయడానికి డేటా ఖర్చు లేదు, అది గుర్తుంచుకోండి. బ్రౌజర్‌కైతే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఉంటుంది. సిగ్నల్ బాగున్న చోట మొజిల్లా, గూగుల్ సొంత సైట్ల నుంచి ఒకసారి దింపుకొని పెన్‌డ్రైవ్‌తో అన్ని కంప్యూటర్లకూ ఎక్కించవచ్చు. వేరే సైట్ల నుంచి మాత్రం వద్దు. విండోస్ అప్‌డేట్లకు మీటర్డ్ కనెక్షన్ అనే అమరిక పెట్టుకుంటే పగలు వాటంతట అవి చాలావరకు దిగవు. రాత్రి మీరే దింపుకోవచ్చు.

గుణుపురం డీటీపీ

అప్‌డేట్ చేస్తే క్షేమం అని ఇంత ధీమాగా ఎలా చెబుతున్నారు? నేనూ చదివాను. గ్రేట్ సస్పెండర్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) 2020లో ఎవరికో అమ్మేశారు. కొన్నవారు అప్‌డేట్ రూపంలోనే చెత్త ఎక్కించారు, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తీసేసింది. 2024 డిసెంబర్‌లో సైబర్‌హేవన్ అనే భద్రతా సంస్థ సొంత ఎక్స్‌టెన్షన్‌కే దొంగ అప్‌డేట్ వెళ్లింది. వాళ్ల ఉద్యోగికి వచ్చిన మోసపు మెయిల్‌తో మొదలైంది కథ. ఆ రోజు ఆటోమేటిక్ అప్‌డేట్ ఉన్నవారే మునిగారు, నాలాంటి వాడు మునగలేదు. దీనికి జవాబు చెప్పండి. పైగా టెండర్లు వేసే కాంట్రాక్టర్లు నా దగ్గరికి డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) పట్టుకొని వస్తారు. అది బ్రౌజర్‌లో పనిచేయడానికి జావా అనే సాఫ్ట్‌వేర్ పాతది కావాలి.

బరంపురం నెట్‌వర్క్

మీరు చెప్పిన రెండూ నిజంగా జరిగినవే, తోసిపుచ్చలేను. సైబర్‌హేవన్ సంగతిలో మరొక సగం కూడా ఉంది. సరిచేసిన కూర్పు మరుసటి రోజే వచ్చింది, అదీ అప్‌డేట్‌గానే వచ్చింది. ఆ ఉదాహరణ నుంచి నేను తీసుకునేది ఇది: ఎక్స్‌టెన్షన్లు వీలైనంత తక్కువ ఉంచాలి, ఎవరు చేశారో తెలియనివి తీసేయాలి. పాత ఫ్లాష్‌ను ఉంచుకోవాలని మాత్రం దాని నుంచి తేలదు. ఫ్లాష్ లోపాలన్నీ ప్రపంచమంతా చదువుకున్నవి, వాటిని మూసేవారు ఇక రారు.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై వైరస్ గుర్తుందా? 2017 మేలో వచ్చింది. దాన్ని ఆపే సవరణ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. ఆ రెండు నెలల్లో వేసుకోనివారే దెబ్బతిన్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని అందులో ఉన్నాయి.

జావా విషయం. బ్రౌజర్‌లో నడిచే జావా ప్లగిన్‌ను క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఆపేశాయి. 2013 జనవరిలో అమెరికా ప్రభుత్వమే జావాను బ్రౌజర్‌లో ఆపేసుకోమని ప్రజలకు చెప్పింది. మీ టెండర్ పోర్టల్ సహాయం పేజీ చూడండి. సంతకానికి విడిగా ఒక చిన్న ప్రోగ్రాం ఇచ్చి ఉంటే పాత పద్ధతిని పట్టుకొని వేలాడనక్కరలేదు.

గుణుపురం డీటీపీ

పోర్టల్ సంగతి చూస్తాను. సరిచేసిన కూర్పు వచ్చిందన్న మాట నాకు తెలియదు, అది ఒప్పుకోవలసిందే. కానీ ఖర్చు గురించి మీరెవరూ మాట్లాడలేదు. ఇంకొక కంప్యూటర్ కొనడం మాటలు కాదు.

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

బరంపురం వారు చెప్పినట్టు ఆ ఫోల్డర్ తెరిచాను. చూడగానే మనసు పాడయింది. ఎప్పుడో వచ్చి వెళ్లిన ఊరివాళ్ల ఆధార్లు, ఓ ముసలాయన పింఛను కాగితం, అన్నీ అలాగే పడి ఉన్నాయి. కూర్చొని అన్నీ చెరిపేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు తీసేశాను.

ఖర్చు గురించి గుణుపురం అన్నగారికి నా ఆలోచన. ఇంకొకటి కొనక్కరలేదు. విండోస్ 7 కంప్యూటర్‌కు నెట్ తీగ పీకేశాను. అది ఇక కార్డులు, పోస్టర్లు మాత్రమే చేస్తుంది. ఫారాలన్నీ కొత్త కంప్యూటర్ మీదే. రద్దీ రోజుల్లో చీటీలు ఇచ్చి వరుసలో కూర్చోబెడతాను. ఇంకో దుకాణానికి వెళ్లిపోయేవారు వెళ్తారు, ఆ నష్టం భరించాలనే నిర్ణయించుకున్నాను. ఒక సందేహం: నెట్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో వైరస్ వస్తుంది కదా?

బరంపురం నెట్‌వర్క్

వస్తుంది. బయటివారి పెన్‌డ్రైవ్ ముందు కొత్త కంప్యూటర్‌లో పెట్టి స్కాన్ చేసి, కావలసిన ఫైలు ఒక్కటే మీ సొంత పెన్‌డ్రైవ్‌లోకి తీసి పాతదానికి ఇవ్వండి. కార్డుల బొమ్మలకు, ఫొటోలకు ఇది చాలు. పెన్‌డ్రైవ్‌లో ప్రోగ్రాం ఫైలు కనిపిస్తే తెరవవద్దు.

గుణుపురం డీటీపీ

తీగ పీకడమంటే నేను చేయగలను. అది ఖర్చు లేని పని. కానీ నా దగ్గర ఉన్నది ఆ ఒక్క కంప్యూటరే. కాంట్రాక్టర్లను పంపేయడం నా వల్ల కాదు. ఫైర్‌ఫాక్స్ 115 విండోస్ 7 మీద నడుస్తుందని విన్నాను, నిజమేనా?

బరంపురం నెట్‌వర్క్

నిజమే, విండోస్ 7 మీద నడిచే చివరిది అదే. క్రోమ్ అయితే 109తో ఆగిపోయింది. ఇప్పుడున్న పాతదానికన్నా అది ఎంతో నయం, ఫ్లాష్ అసలు ఎక్కదు. అయితే కింద ఉన్న విండోస్ 7కు 2020 జనవరి 14తోనే మద్దతు పోయింది. కాబట్టి అందులో బ్యాంకు పనులు వద్దనే నా మాట. బేరం నిలదొక్కుకున్నాక కంప్యూటర్ మార్చండి.

తెలుగు బడి (రాయగడ జిల్లా)

రఫుల్‌తో ప్రయత్నించాం. అక్షరాల పాఠం, గుణింతాలు చక్కగా ఆడుతున్నాయి, గొంతు కూడా వస్తోంది. పిల్లలు తరగతి గది దద్దరిల్లేలా దానితోపాటు పలికారు. ఎక్కాల ఆట మాత్రం మొదటి తెర దగ్గరే ఆగిపోతోంది.

బరంపురం నెట్‌వర్క్

అది యాక్షన్‌స్క్రిప్ట్ 3 అయి ఉండవచ్చు. రఫుల్ కొత్త కూర్పులు తరచుగా వస్తుంటాయి, దింపి మళ్లీ చూడండి. అప్పటికీ ఆడకపోతే అడోబీ వారిదే ప్రొజెక్టర్ అని విడి ప్లేయర్ ఒకటి ఉండేది, దానికి బ్రౌజర్ అక్కరలేదు. నెట్‌కు ఎప్పుడూ కలపని కంప్యూటర్‌లో మీ సీడీ ఫైళ్లకు మాత్రమే దాన్ని వాడండి.

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

టీచర్‌గారూ, తీగ పీకిన నా కంప్యూటర్ ఉంది కదా. ఆ సీడీ నకలు ఎవరిచేతనైనా గుణుపురం రైల్లో పంపించండి, ఎక్కాల ఆట ఆడుతుందో లేదో నేను చూసి చెబుతాను.