ఏడాది సరుకు మార్చిలోనే దింపుకోవడం పొదుపేనా?

పటమట కోడలు:
మాది విజయవాడ పటమటలో రెండు పడగ్గదుల ఫ్లాటు, మనుషులం నలుగురం. మా అత్తగారిది తెనాలి దగ్గర పల్లె. మార్చి వచ్చిందంటే ఆవిడ ఫోను మోగుతూనే ఉంటుంది. "మిరపకాయలు తెచ్చారా? చింతపండు దింపావా? కందిపప్పు చెప్పావా?" ఈసారి కూర్చుని లెక్క రాశా. బియ్యం, పప్పులు, మిర్చి, చింతపండు, పసుపు అన్నీ ఏడాదికి దింపితే ఒక్క దెబ్బకి 30 వేలు దాటుతోంది. పిల్లల ఫీజులొచ్చే ముందు అంత డబ్బు బస్తాల్లో పోసి పెట్టడమేంటి? పైగా పోయినేడు కందిపప్పుకి పురుగు పట్టింది. చేటలో పోసి చెరిగీ చెరిగీ విసిగిపోయి ఆరు కేజీలు పారబోశా. ఏ నెల సరుకు ఆ నెల తెచ్చుకోవడమే నయమని నా వాదన. కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, పప్పుకి పురుగు పట్టింది సరుకు తప్పు కాదు, నిలవ తప్పు. ఆముదం పట్టించి ఎండలో ఆరబెట్టావా? మా ఇంట్లో మిర్చి కొత్త కాయ వచ్చినప్పుడే కొంటాం. 334 రకం కాయ రెండు వంతులు, తేజ రకం ఒక వంతు, రంగుకి గుప్పెడు బ్యాడిగ. తొడిమలు తీసి, డాబా మీద రెండు ఎండలు చూపించి, మర దగ్గర నిలబడి పట్టించుకొస్తాం. 10 కేజీల కాయకి తొడిమలూ తాలూ పోను 9 కేజీల చిల్లర కారం వస్తుంది. ఏడాది తర్వాత కూడా మూత తీస్తే తుమ్ము రావాలి, అదీ లెక్క. ఇక బియ్యం. కొత్త బియ్యం ముద్దయిపోతాయి. మన బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, అదే సాంబ మసూరి బియ్యం, ఏడాది మాగితే ఎంత ఒదుగుతాయో మీ అత్తగారిని అడుగు. అదే గ్లాసుడు బియ్యంతో ఇంకో మనిషి తింటాడు. ఇది పొదుపు కాదా?

వన్‌టౌన్ కిరాణా:
మాస్టారూ, కొట్లో కూర్చునేవాణ్ణి, ఓ మాట చెప్తా. సీజన్లో కొంటే చౌకే అన్న గ్యారంటీ లేదండి. 2023లో మిర్చి క్వింటా 20 వేలు దాటింది. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిపోయిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 రూపాయల కనీస ధర ప్రకటించాల్సి వచ్చింది. ఖరీదున్న ఏడు పదికి పది కేజీలు పట్టించి పెట్టుకున్నవాళ్లు ఏం పొదుపు చేసినట్టు? కోల్డ్ స్టోరేజీల్లో పెట్టిన కాయ మిర్చి యార్డుకి దాదాపు ఏడాదంతా దిగుతూనే ఉంటుంది.

నన్నడిగితే డబ్బు పోయేది చిన్న ప్యాకెట్ల దగ్గర. 26 కేజీల బియ్యం బస్తాలు ఎందుకొచ్చాయో గమనించారా? 2022 జూలై 18 నుంచి 25 కేజీల దాకా ప్యాక్ చేసి లేబులేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఒక్క కేజీ పెంచి మిల్లర్లు తప్పించుకున్నారు. బస్తా ఎత్తలేక 10 కేజీల ప్యాకెట్ కొనేవాళ్లు మాత్రం ఆ పన్ను కడుతూనే ఉన్నారు.

సింగ్‌నగర్ వాసి:
మాది కింది వాటా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద ఇంట్లోకొచ్చింది. మంచం కింద నాలుగు బియ్యం బస్తాలు, గూట్లో ఆవకాయ జాడీ. నీళ్లు తీశాక చూస్తే బియ్యం ఉబ్బి బస్తాలు పిగిలిపోయాయి, ఆ పులిసిన వాసన నెల దాకా పోలేదు. జాడీ వంటింటి గడప దగ్గర పక్కకి ఒరిగి ఉంది, మూత ఎటు పోయిందో. కింది అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు ఫ్రిజ్జుకీ పరుపులకీ సరిపోయాయి. ఇప్పుడు మాది నెలకో బస్తా, అదీ అటక మీద.

కానీ ఇంకోటి కూడా చెప్పాలి. పై వాటాలో మా చెల్లెలు ఏడాది సరుకు దింపుకుని ఉంది కాబట్టే ఆ రోజుల్లో రెండు కుటుంబాలం అన్నం తిన్నాం. కాబట్టి ఎటు మాట్లాడాలో నాకే తెలీడం లేదు.

లక్ష్మీపురం ఉద్యోగిని:
మాస్టారూ, ఒక్క ప్రశ్న. ఆ తొడిమలు తీసేదెవరండీ? మిరపకాయలు తుంచిన రాత్రి మా అమ్మ చేతులు మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చునేది. మేం దగ్గరికెళ్తే "తాకొద్దు, కళ్లు మండుతాయి" అనేది. ఆ రెండ్రోజుల పనికి మీ లెక్కలో ఎంత వేశారు?

అప్పు సంగతి కూడా చూడండి. మా పెద్దమ్మ ఏడాది సరుకు కోసం 30 వేల చీటీ 4 వేలు తోసేసి పాడింది. బియ్యం బస్తా మీద వందా నూటయాభై తగ్గిందని మురిసిపోయింది. ఆ 4 వేలు మాత్రం ఎక్కడా రాయలేదు. డబ్బు చేతిలో ఉన్నవాళ్లకి పొదుపేమో గానీ, అప్పు చేసి దింపితే షావుకారికి లాభం.

బ్రాడీపేట మాస్టారు:
రిటైరయ్యాక తొడిమలు నేనే తీస్తున్నానమ్మా. అంతకు ముందు మా ఆవిడ తీసేది. నిజమే, ఆ ఇరవై ఏళ్లూ అది పనని నాకు తోచలేదు. చీటీ విషయం కూడా ఒప్పుకుంటా, అప్పు చేసి సరుకు దింపకూడదు. బియ్యం ఒదుగు మాట దగ్గర మాత్రం వెనక్కి తగ్గను.

పటమట కోడలు:
అందరికీ థాంక్స్ అండీ. పప్పులు నెలనెలా తెచ్చుకుంటా, అందులో ఇక మార్పు లేదు. బియ్యం పాతవి చూసి రెండేసి బస్తాలు. మిర్చి మాత్రం ఐదు కేజీలు, మాస్టారి పాళ్లలోనే. తొడిమలు తీయడానికి ఆదివారం మా ఆయన్ని కూడా కూర్చోబెడతా. అపార్ట్‌మెంటు డాబా మీద ఆరబోస్తే పై ఫ్లోరు వాళ్లు ఘాటని గొడవ పెడతారేమో చూడాలి.

అత్తగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. అంతా విని "మరి చింతపండో?" అంది. అది మర్చేపోయా. గింజ తీసి ఉప్పేసి ఫ్రిజ్జులో పెడితే ఏడాది పాటు నల్లబడకుండా ఉంటుందా? చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.