ఫ్రీజ్ డ్రయర్‌లో పెట్టిన ముక్కలు మధ్యలో ఆరడం లేదు, ఎందుకంటారు?

ఇంట్లో ఫ్రీజ్ డ్రయర్ (గడ్డకట్టిన ఆహారాన్ని వాక్యూమ్‌లో ఆరబెట్టే మెషీన్) వాడేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. నిన్న మూడోసారి స్ట్రాబెర్రీలు పెట్టాను. ముక్కలు సుమారు 1 సెంటీమీటరు మందం. ముందే ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, ట్రేల్లో ఒకే వరసగా పేర్చాను. 30 గంటలయ్యాక మెషీన్ పని అయిపోయిందని చూపించింది. అంచుల్లోవి కరకరలాడాయి. మధ్య ట్రేలోవి విరిస్తే మాత్రం లోపల చల్లగా, జిగురుగా తగిలాయి. అంటే ఇంకా మంచు మిగిలిందనేగా?

మంచు నీరవకుండా నేరుగా ఆవిరవ్వాలంటే వాక్యూమ్ గట్టిగా ఉండాలి. తలుపు రబ్బరు తుడిచాను, అక్కడ ఏమీ లేదు. వాక్యూమ్ పంపు ఆయిల్ మాత్రం పాలు కలిపినట్టు తెల్లబడింది. నీళ్లు చేరాయేమో. ఆయిల్ మారిస్తే చాలా, లేక పండులోని చక్కెర వల్ల ఇంకొన్ని గంటలు పెట్టాలా? బరువు తగ్గడం ఆగేదాకా తూస్తూ ఉండమని ఒకరన్నారు. మీరూ అలాగే చేస్తారా?

అసలు టెన్షన్ వేరే ఉంది. పోయిన వారం ఉడికించిన చికెన్ ఇదే మెషీన్‌లో ఆరబెట్టి, ఆక్సిజన్ అబ్జార్బర్ వేసి సీల్ చేసేశాను. అది ఆక్సిజన్‌ని లాగుతుంది గానీ తేమని కాదు కదా! లోపల తడి ఉంటే బోట్యులిజం (ఆక్సిజన్ లేని తడి ఆహారంలో పెరిగే బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రమాదకర జబ్బు) భయం. ఫ్రిజ్‌లో పెట్టకుండా బయటే ఉన్న ఆ ప్యాకెట్లు మళ్లీ ఆరబెట్టొచ్చా, పారేయడమేనా?