ఇంటర్ కాలేజ్ హాకీ మా కాలేజే హోస్ట్, 3 రోజులు ఒకటే టర్ఫ్, ఫిక్చర్స్ ఎట్ల ఏయాలె?

నాచారం_లెఫ్ట్‌హాఫ్:

అన్నలూ అక్కలూ ఒక హెల్ప్ కావాలె. ఈసారి ఇంటర్ కాలేజ్ హాకీ మా కాలేజ్‌కి వచ్చింది, మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ నన్ను ఇంకో ఇద్దర్ని పట్టుకొని మొత్తం మీరే చూస్కోండి అన్నడు. బాయ్స్ 8 టీమ్‌లు, గర్ల్స్ 4 టీమ్‌లు. ఫిబ్రవరిల శుక్ర శని ఆదివారం గచ్చిబౌలి టర్ఫ్ అడుగుతున్నం, గ్రౌండ్ ఒక్కటే. సార్ ప్లాన్ ఏందంటే బాయ్స్‌కి రెండు పూల్స్ జేసి లీగ్, తర్వాత సెమీస్, థర్డ్ ప్లేస్, ఫైనల్, గర్ల్స్‌కి లీగ్ ఆడిపిచ్చి మళ్ల ఫైనల్. వినడానికి మంచిగనే ఉంది గానీ పేపర్ మీద రాస్తుంటే 3 రోజులల్ల పడ్తలేవు. స్ట్రెయిట్ నాకౌట్ పెడ్దామంటే ఒక్క మ్యాచ్ ఓడిపోయి ఇంటికి పోయేటోళ్లు మమ్మల్ని తిట్టుకుంటరు. అంపైర్లు ఎక్కడ దొరుకుతరు, టై అయితే ఏం జేయాలె, ఇంకా మేము మర్చిపోయేటివి ఏమన్న ఉంటే కూడా చెప్పుండ్రి.

టేబుల్_అఫీషియల్_మామ:

తమ్మీ, టీమ్‌లు తర్వాత, ముందు టర్ఫ్ గంటలు లెక్కేయి. 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు, మధ్యల 2, 10, 2 నిమిషాల బ్రేకులు, అంటే 74 నిమిషాలు, దానికి గోల్ దగ్గర ఫౌల్‌కి ఇచ్చే పెనాల్టీ కార్నర్ (పీసీ) అప్పుడు టైమ్ ఆపేది, టర్ఫ్‌కి నీళ్లు కొట్టేది, వచ్చే టీమ్ వార్మప్ చేసేది కలుపు, స్లాట్‌కి గంటన్నర కంటే తక్కువ పెట్టినవంటే సాయంత్రానికి అంతా గజిబిజి అయితది. పొద్దున 7 నుంచి 11:30 దాక మూడు, మధ్యాహ్నం 1:30 నుంచి 6 దాక మూడు, రోజుకి 6 చొప్పున మొత్తం 18 స్లాట్‌లు నీ చేతిల ఉన్నయ్. మీ సార్ ప్లాన్‌ల బాయ్స్ లీగే 12, నాకౌట్ మ్యాచ్‌లు 4, గర్ల్స్‌వి 7, అన్ని కలిపి 23. ఫ్లడ్‌లైట్‌ల కింద ఇంకొన్ని ఆడిస్తం అంటారేమో, పిల్లలు రోజుకి రెండు ఫుల్ మ్యాచ్‌లు ఆడితే మూడో రోజుకి కండరాలు పట్టేసి కూసుంటరు, నేను టేబుల్ మీద కూసొని చూసిన.

బాయ్స్‌కి నాకౌటే పెట్టు కానీ క్వార్టర్ ఫైనల్స్‌ల ఓడిన నాలుగు టీమ్‌లకి ఇంకో మ్యాచ్ ఇయ్యి. 4 క్వార్టర్స్, ఓడినోళ్లకి 2, సెమీస్ 2, థర్డ్ ప్లేస్, ఫైనల్, మొత్తం 10. ప్రతి టీమ్‌కి తక్కువల తక్కువ రెండు మ్యాచ్‌లు దొరుకుతయ్, నిన్నెవడూ తిట్టడు. గర్ల్స్‌కి 6 లీగ్ మ్యాచ్‌లు పెట్టి టాప్ వచ్చినోళ్లకి కప్పు ఇచ్చెయ్యి, ఫైనల్ అక్కర్లేదు. 16తోని అయిపోతది.

టై అయితే నేరుగా షూటవుట్, టీమ్‌కి 5గురు, ఒక్కొక్కరు 23 మీటర్ల లైన్ నుంచి బాల్ తీస్కపోయి 8 సెకన్లల్ల కీపర్ మీద గోల్ కొట్టాలె. దానికి పొద్దున, సాయంత్రం ఆఖరి స్లాట్‌ల తర్వాత ఇంకో 15, 20 నిమిషాలు ఖాళీ ఉంచుకో.

అంపైర్ల కోసం స్టేట్ అసోసియేషన్‌కి కాలేజ్ లెటర్‌హెడ్ మీద నెల ముందే రాయించు. సికింద్రాబాద్ వైపు రైల్వేలల్ల, ఆర్మీల ఆడి అంపైరింగ్ చేసే పాత ప్లేయర్లు ఉంటరు, మీ సార్‌కే ఎవరో ఒకరు తెల్సి ఉంటరు. మ్యాచ్‌కి ఇద్దరు కదా అని నలుగుర్ని పిలిస్తే ఎండల సచ్చిపోతరు, రోజుకి ఆరుగురు ఉండాలె. వాళ్ల డబ్బులు ఏ రోజువి ఆ రోజు సాయంత్రం చేతిల పెట్టు, సోమవారం ఆఫీస్‌కి రండి అనకు.

రివర్స్‌స్టిక్:

మామగారూ లెక్క బాగుంది గానీ అబ్బాయిలకి ఫైనల్ ఉండి మాకు లేకపోవడం ఏంటండీ. లీగ్‌లో ఒక టీమ్ మొదటి రెండూ గెలిచేస్తే ఆఖరి రోజు మ్యాచ్ ఎవరు చూస్తారు, ఆడేవాళ్లకి మాత్రం ఏం ఊపు ఉంటుంది? మాక్కూడా నాకౌటే పెట్టండి, రెండు సెమీస్, థర్డ్ ప్లేస్, ఫైనల్, నాలుగే మ్యాచ్‌లు, ప్రతి టీమ్‌కి రెండు దొరుకుతాయి, ఒకే రోజు రెండు ఆడే గొడవ కూడా లేదు. పైగా మీ లెక్కలో ఇంకో రెండు స్లాట్‌లు మిగులుతాయి. గర్ల్స్ ఫైనల్ బాయ్స్ ఫైనల్‌కి ముందు పెట్టండి, పొద్దున 7కి పెట్టి ప్రైజ్ ఇవ్వడానికి ఎవరూ లేని టైమ్‌లో కానిచ్చేయకండి ప్లీజ్, పోయినసారి ఒక టోర్నమెంట్‌లో మాకు అదే జరిగింది.

ఆ మిగిలిన టైమ్ ప్రాక్టీస్‌కి ఇవ్వండి. సగం టీమ్‌లు ఏడాదంతా మట్టి గ్రౌండ్ మీదే ఆడతాయి, టర్ఫ్ మీద బాల్ ఎంత స్పీడ్‌గా జారుతుందో అలవాటయ్యేసరికి రెండు గోల్స్ పడిపోతాయి. మట్టి మీద వేసే స్పైక్స్ టర్ఫ్ మీద కుదరవు, రబ్బర్ స్టడ్స్ ఉండాలని సర్క్యులర్‌లోనే రాయండి, అక్కడికొచ్చాక చెప్తే షూస్ ఎక్కడినుంచి తెస్తాం.

ఇంకోటి, పీసీ డిఫెండ్ చేసేటప్పుడు వేసుకునే ఫేస్ మాస్క్‌లు చాలా కాలేజీల దగ్గర ఉండవు. కీపర్ కాక నలుగురు ఉంటారు కాబట్టి గోల్‌కి నాలుగు చొప్పున మీరే 8 కొని పోస్ట్‌ల వెనకాల పెట్టేయండి. పీసీలో బాల్‌ని స్టిక్‌తో లాగి విసిరే డ్రాగ్ ఫ్లిక్ మొహానికి తగిలితే ఏమవుతుందో వర్ణించను. అంబులెన్స్, ఐస్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటా. అమ్మాయిల ఛేంజింగ్ రూమ్ తాళం ఎవరి దగ్గర ఉందో ముందురోజే కనుక్కోండి, ఇది మాత్రం చెప్పాల్సిందే.

డల్లాస్_బాబాయ్:

నేను ఇక్కడ అమెరికాలో చదివేటప్పుడు మా యూనివర్సిటీ హాకీ మ్యాచ్‌లకి గేమ్ డే స్టాఫ్‌గా పనిచేశాను, ఇక్కడ కాలేజీ లెవెల్లో ఫీల్డ్ హాకీ అంటే కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏలో అమ్మాయిలదే. వాళ్లు సీజనంతా ఒకళ్లతో ఒకళ్లు ఆడేసి, కాన్ఫరెన్స్ చాంపియన్‌షిప్‌కి పైన నిలిచిన టీమ్‌లనే పిలుస్తారు, అందుకే రెండు మూడు రోజుల్లో అయిపోద్ది. టై అయితే వెంటనే షూటవుట్ కాదు, ముందు 7గురు వర్సెస్ 7గురు 10 నిమిషాలు, ఎవరు గోల్ కొడితే అక్కడితో సరి. చూడ్డానికి భలే ఉంటది. మీరు కూడా వారం ముందు కాలేజీ గ్రౌండ్స్‌లోనే మొదటి రౌండ్ కానిచ్చేసి నాలుగు టీమ్‌లనే గచ్చిబౌలికి తీసుకెళ్తే పోలా, టర్ఫ్ రెంట్ కూడా తగ్గుద్ది కదా.

టేబుల్_అఫీషియల్_మామ:

బాబాయ్, 91.4 బై 55 మీటర్ల గ్రౌండ్ మన దగ్గర ఎన్ని కాలేజీలకి ఉందంటవ్? ఉన్నదాంట్ల క్రికెట్ పిచ్ మధ్యల ఉంటది. మట్టి మీద ఓడిన టీమ్ టర్ఫ్ మీద గెలిచేదేమో అని గొడవ మొదలైతది, హోమ్ గ్రౌండ్ అని ఇంకో గొడవ. ఆ 7గురి ఓవర్‌టైమ్ మాత్రం నాక్కూడా ఇష్టమే గానీ స్లాట్‌లు ఆగం అయితయ్, వద్దు.

తమ్మీ, రివర్స్‌స్టిక్ చెప్పిన గర్ల్స్ ప్లానే పెట్టు. సెమీస్ శనివారం ఎయ్యి. అప్పుడు శుక్రవారం పొద్దున 7 నుంచి 10 దాక 12 టీమ్‌లకి తలా 15 నిమిషాలు ప్రాక్టీస్, తర్వాత నాలుగు క్వార్టర్స్. శనివారం 6, ఆదివారం 4. ఆదివారం లేటైనా చూసుకోవచ్చు.

అసలు కొట్లాట ఎలిజిబిలిటీ కాడ వస్తది. ఫొటో అంటించి ప్రిన్సిపాల్ సంతకం ఉన్న బోనఫైడ్, టెన్త్ మెమో, ఐడీ కార్డ్ ఒరిజినల్, ఈ మూడు లేకుండ టీమ్ షీట్ తీస్కోవద్దు. ఇంటర్ యూనివర్సిటీకి వయసు 25 దాటొద్దంటరు కాబట్టి మీరు కూడా అదే పెట్టుండ్రి, యూనివర్సిటీ టీమ్ సెలెక్షన్‌కి ఇక్కడినుంచే చూస్తరు. ప్రొటెస్ట్ ఉంటే మ్యాచ్ అయిన అరగంటల రాసి, ఫీజు కట్టి ఇయ్యాలె అని మేనేజర్స్ మీటింగ్‌లనే చెప్పి అందరితోని సంతకం పెట్టించు. కమిటీల ముగ్గురు, ఆ మ్యాచ్ ఆడిన కాలేజ్ పీడీ అందుల ఉండొద్దు. మీ సార్ కూడా.

సుల్తాన్స్_ఫ్యాన్:

2005ల పీహెచ్ఎల్ (ప్రీమియర్ హాకీ లీగ్) ఫస్ట్ సీజన్ ఇదే గచ్చిబౌలిల చూసిన భయ్యా, మన హైదరాబాద్ సుల్తాన్స్ కప్పు కొట్టింది, మస్తు ఉండె. అప్పుడు ఆ రోడ్డంతా ఖాళీ. ఇప్పుడు శుక్రవారం పొద్దున 9కి మలక్‌పేట నుంచి బస్‌ల బయల్దేరితే క్వార్టర్ ఫైనల్ అయిపోయినంక చేరుతరు. 7 గంటల ప్రాక్టీస్ దగ్గరోళ్లకి, లేదంటే మెట్రో ఎక్కి రాయదుర్గం దిగి రమ్మను. లంచ్‌కి బిర్యానీ పెట్టకు, మధ్యాహ్నం మ్యాచ్‌ల ఎవడూ ఉరకడు. పెరుగన్నం, అరటిపండ్లు, ఉప్పేసిన మజ్జిగ చాలు, బిర్యానీ ఆదివారం రాత్రి పెట్టు.

నాచారం_లెఫ్ట్‌హాఫ్:

థ్యాంక్యూ మామా, అక్కా, అందరికీ. ఇది మొత్తం రాసి సార్‌కి చూపిచ్చిన, లీగ్ పోయిందని కొంచెం మొహం మాడ్చుకున్నడు గానీ 18 స్లాట్‌ల లెక్క చూసినంక ఏం మాట్లాడలే. కమిటీల మీరుండొద్దట సార్ అని మాత్రం ఇంకా చెప్పలే. మాస్క్‌లు 8 బడ్జెట్‌ల రాసినం. ఒక్క డౌట్, క్వార్టర్స్‌కి డ్రా తీయాల్నా లేకపోతే పోయిన ఏడాది ఫైనలిస్ట్‌లు ఇద్దర్ని చెరో పక్కకి ఏయాల్నా?

టేబుల్_అఫీషియల్_మామ:

వాళ్లిద్దర్ని చెరో పక్కకి ఏసి మిగిలిన ఆరు చిట్టీలు మేనేజర్ల ముందర తీపియ్యి. చిట్టీలు నువ్వు తీయకు, మీ కాలేజోళ్లెవరూ తీయొద్దు.