ఇంట్లో విగ్రహం లేదు, కానీ మార్కుల మెసేజ్ వస్తే గుండె దడ

తెనాలి అమ్మ:
అందరికీ వందనాలండి. మొన్న మా పాస్టరు అయ్యగారు మొదటి యోహాను పత్రిక చివరి వచనం మీద వాక్యం చెప్పారు: "చిన్న పిల్లలారా, విగ్రహముల జోలికి పోకుండ జాగ్రత్తగా ఉండుడి." మామూలుగా అయితే ఇది మనకి కాదులే అనుకునేదాన్ని. తాతల నాటి నుంచి విశ్వాసులం, గోడకి యేసయ్య పటం కూడా పెట్టుకోం. ఈసారి మాత్రం గుచ్చుకుంది.

మా పాప సీనియర్ ఇంటర్ బైపీసీ, విజయవాడ దగ్గర హాస్టల్లో ఉంటుంది. వారం వారం నీట్ (మెడికల్ ఎంట్రన్స్) మోడల్ టెస్ట్. 720కి ఎన్ని వచ్చాయో ఆదివారం పొద్దున వాట్సాప్‌లో పెడతారు, అంటే సరిగ్గా నేను గుళ్ళో ఉన్నప్పుడు. ఫోను సైలెంట్‌లో పెట్టి బైబిలు కింద ఉంచుకుంటాను. అది వణికిందంటే నా చెయ్యి ఆగదు. 560 దాటితే పాటలు గొంతెత్తి పాడతాను. తగ్గితే ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) దగ్గరికి కూడా ముఖం మాడ్చుకునే వెళ్తాను.

పాప ఔటింగ్‌కి వచ్చినప్పుడు తన బల్ల దగ్గర నేను అంటించిన వాగ్దాన కార్డు ఊడబీకి సొరుగులో పడేసింది. కొత్త ఏడాదికి వాగ్దానమని గుళ్ళో బైబిలు వచనం రాసి ఇస్తారే, జనవరి ఒకటిన నాకొచ్చిన ఆ కార్డు, "నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అని. గట్టిగా అరిచాను. "నువ్వు ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగి ఎన్నాళ్ళయిందమ్మా?" అంది.

బిడ్డ బాగుపడాలని తల్లి తాపత్రయపడటం తప్పా? ఎందాకా శ్రద్ధ, ఎక్కణ్ణుంచి విగ్రహం?

ప్రేయర్ వారియర్:
ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. ఇలాంటి సందేహాలు సాతాను పెడతాడు. వాగ్దానం పట్టుకుని 21 రోజులు ఉపవాసం ఉండండి, గవర్నమెంట్ కాలేజీలోనే సీటు. వచ్చాక సాక్ష్యం ఇక్కడే రాయాలి. ఆమెన్!

జువాలజీ మాస్టారు:
అమ్మా, పై తమ్ముడి ఉత్సాహం అలా ఉంచండి. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి, సంఘంలో పెద్దగానూ ఉన్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను.

విగ్రహం అయ్యేది చెడ్డదే కానక్కర్లేదు. ఎడారిలో మోషే ఇత్తడి సర్పం చేసింది దేవుడు చెప్తేనే, పాము కాటు తిని దాన్ని చూసినవాళ్ళు బతికారు కూడా. కొన్ని వందల ఏళ్ళకి జనం దానికే ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు ముక్కలు చేయించాడు. రెండో రాజుల గ్రంథం 18లో ఉంది. మీ కార్డూ ఆ దారినే పడింది. దాని మీది మాట ఉన్న ద్వితీయోపదేశకాండం 28 మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఆ మాట ఒక జనాంగానికి చెప్పింది, దేవుని మాట వింటేనే అన్న షరతుతో చెప్పింది. అందులోంచి ఒక్క ముక్క కత్తిరించి ర్యాంకు కోసం అంటిస్తే అది తాయెత్తే. తాయెత్తు కట్టుకున్నవాణ్ణి సంఘంలో నిలదీస్తాం, కార్డు అంటించినవాళ్ళని మాత్రం మెచ్చుకుంటాం.

షిలోహు మందిరంలో సేవ చేసిన ఏలీ యాజకుడి ఇంట్లోనూ బొమ్మలు లేవు. నాకంటే నీ కొడుకులనే గొప్పచేస్తున్నావని దేవుడు అతన్ని నిలదీశాడు. అదే షిలోహుకి పిల్లల్లేని హన్నా వచ్చింది, ఏడ్చి ఏడ్చి ప్రార్థించి కన్న బిడ్డ సమూయేలుని పాలు మాన్పించాక తెచ్చి అప్పగించింది. అప్పగించి చేతులు దులుపుకుందా? ఏటేటా వాడికి చిన్న అంగీ కుట్టి తెచ్చేది. అంగీ కుట్టాలంటే బిడ్డ ఎంత ఎదిగాడో చూస్తూ ఉండాలి. మీ పాప అడిగింది ఆ చూపేనమ్మా. సీటు మీద పట్టు వదిలితే ప్రేమ తగ్గిపోతుందని భయపడకండి. హాస్టల్లో విజిటింగ్ రోజు ఎన్నిసార్లు చూశానో: చెట్టు కింద దుప్పటి పరిచి, క్యారియర్ మూత తీయకముందే "ఎన్నొచ్చాయి?" అంటారు. పిల్ల గిన్నె వైపు చూస్తూ అంకె చెప్తుంది. ఆ అంకెని బట్టి కూర వడ్డింపు.

ఎక్కణ్ణుంచి విగ్రహం అన్నారు. సీటు రాకపోతే మీరు ఎవరికి ముఖం చూపించలేరో ఆలోచించండి. పాపకా? దేవుడికా? గుళ్ళో ముందు వరసలో కూర్చునే అక్కలకా? నేను చూసిన ఇళ్ళల్లో చాలావాటికి అసలు విగ్రహం ఎంబీబీఎస్ కాదు, ఆ ముందు వరస.

ఆదివారం ఫోను ఇంట్లో వదిలి వెళ్ళండి. కొన్నాళ్ళు పాప దగ్గర మార్కుల ఊసెత్తకండి. మొదట్లో మాటలు దొరక్క తడుముకుంటారు, అది ఎంత లోతుకి దిగిందో అప్పుడు తెలుస్తుంది. ప్రార్థన మానక్కర్లేదు. సీటు రాని రోజు కోసం కూడా చేయండి, బీఎస్సీ నర్సింగ్, అగ్రికల్చర్, ఫిజియోథెరపీ అని పేర్లు పెట్టి మరీ. నోరు తిరుగుతుందేమో చూడండి.

నైట్ డ్యూటీ:
ఆంటీ, నేను లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని నీట్ మళ్ళీ రాసి కూడా సీటు రాక నర్సింగ్‌లో చేరినదాన్ని. రిజల్ట్ వచ్చిన వారం మా అమ్మ గుడికే రాలేదు. తప్పు అమ్మదొక్కదే అనను. ఎంబీబీఎస్ వచ్చినవాళ్ళని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతారు, సంతోషమే. రాత్రంతా వార్డులో నిలబడి అట్నుంచి అటే ఆరాధనకి వచ్చే అక్క మా సంఘంలో ఉంది, ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. ఇళ్ళల్లో విగ్రహాలు చెక్కడానికి రాయి మన గుడి నుంచే వస్తోంది అనిపిస్తుంది నాకు. ఇంకోటి, పాప కార్డు తీసేసిందంటే దేవుణ్ణి వద్దనుకున్నట్టు కాదు. నేనూ తీసేశాను. ఆ చోట, తల్లి గర్భంలోనే దేవుడు నన్ను నిర్మించాడు అని చెప్పే 139వ కీర్తన రాసి పెట్టుకున్నాను.

తెనాలి అమ్మ:
మాస్టారూ, నర్సింగ్ అని పైకి అనబోతే గొంతు పట్టేసింది. ముందు వరస అన్నది మాత్రం నిజమండి, మా ఆడపడుచు కూడా అక్కడే కూర్చుంటుంది. అమ్మా నైట్ డ్యూటీ, నీకు వందనాలు తల్లీ.

ఇంకొక్కటి. నీట్ మే మొదటి ఆదివారం పెడుతుంటారు కదా, ముందు వారం గుళ్ళో హాల్ టికెట్లూ పెన్నులూ బల్ల మీద పెట్టి ప్రార్థన చేస్తారు. పాప రానంటోంది. జిరాక్స్ అయినా తీసుకెళ్ళనా?

జువాలజీ మాస్టారు:
పాపనే అడగండి, వద్దంటే మానేయండి. పరీక్ష రోజు పొద్దున్నే నాలుగు మెతుకులు తినిపించి పంపండి, గేటు ఒకటిన్నరకే మూసేస్తారు. పెన్నులకి ప్రార్థన మాత్రం దండగ. నీట్ సెంటర్లో మన పెన్ను లోపలికి రానివ్వరు, వాళ్ళే ఇస్తారు.