ప్రభుత్వ సైటు మార్పుకు జనం సూచనలు తెమ్మన్నారు, ఎలా అడగాలో చెప్పండి

పర్లా కౌంటర్ అడిగారు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. బస్టాండు వైపు చిన్న సేవాకేంద్రం నడుపుతున్నాను, పదకొండేళ్లయింది. ఇంట్లో తెలుగు, కౌంటర్ దగ్గర ఒడియా, కొండల నుంచి దిగి వచ్చేవాళ్లతో సగం సవర, సగం సైగలు. బడిలో చదివింది ఒడియా. తెలుగు రాయడం మా అమ్మ నేర్పింది, తప్పులుంటే సర్దుకోండి.

మేం రోజూ ఆదాయం, కులం, నివాసం సర్టిఫికెట్లకు వాడే సైటు ఒకటుంది. ఏ శాఖదో రాయను, రేపు మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాలి. దాన్ని మొత్తం కొత్తగా కడుతున్నారట. పోయిన వారం కేంద్రాల వాళ్లందర్నీ మీటింగుకి పిలిచారు. భువనేశ్వర్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు, సమోసా కూడా మాతోపాటే నిలబడి తిన్నాడు. ఇది ఓపెన్ సోర్స్ అనీ, కోడ్ అంతా బయట పెట్టేశామనీ, ఎవరైనా చూసి మార్పులు చెప్పొచ్చనీ, జనం దగ్గర అభిప్రాయాలు మమ్మల్ని సేకరించి ఇమ్మనీ చెప్పాడు. నెలాఖరు దాకా టైం. తలా ఒక కట్ట ఫారాలు చేతిలో పెట్టారు. 22 ప్రశ్నలు, ఒకవైపు ఇంగ్లీషు, వెనకవైపు ఒడియా. సైటులో కావలసిన పేజీ వెతుక్కోవడం ఎంత సులువుగా ఉంది, ఒకటి నుంచి అయిదు నక్షత్రాలు వెయ్యండి. అన్నీ ఇలాంటివే.

మూడు రోజుల్లో 15 మంది చేత నింపించాను. పదిహేనుకి పదిహేనూ అయిదేసి నక్షత్రాలు! నాకే సిగ్గేసింది. ఆ 15 మందిలో ఒక్కరు కూడా ఆ సైటుని కళ్లతో చూడలేదు. స్క్రీన్ నా వైపు ఉంటుంది కదా.

ఒకావిడ సంగతి చెప్తాను. పేరు వెంకటమ్మ అనుకోండి. పుట్టిల్లు పాతపట్నం వైపు, అంటే మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రా. పెళ్లయి ఇటొచ్చి నలభై ఏళ్లు. ఆవిడ పాత కాగితాలన్నీ తెలుగులో, ఇక్కడివన్నీ ఒడియాలో. కొంగు ముడి విప్పి, పాలిథిన్ కవరు తీసి, అందులోంచి ఇంకో కవరు తీసి, నాలుగు మడతలు పెట్టిన కాగితం బల్ల మీద పరిచి అరచేత్తో ఇస్త్రీ చేసినట్టు రెండుసార్లు రాసింది. నేను ఇంగ్లీషులో పేరు కొడితే సైటు దాన్ని ఒడియాలోకి మార్చి "భెంకటమా" అంది. సరే, తెలుగులో కొట్టి ఒడియా బటన్ నొక్కుదామని చూస్తే, వ తర్వాత ఒక ఖాళీ పెట్టె వచ్చింది. ఇప్పుడావిడకి మూడు పేర్లు: ఒకటి వెంకటమ్మ, ఒకటి భెంకటమా, ఒకటి పెట్టె. పేరు కలవలేదని పింఛను రెండు నెలలు నిలిచిపోయింది. ఇంత జరిగాక ఆవిడకే ఫారం ఇచ్చి నక్షత్రాలు వెయ్యమంటే, "మంచిదే అని రాసెయ్ బాబూ, ఆ ఆఫీసోళ్లకి కోపం తెప్పించకు" అంది.

అందుకని అడుగుతున్నాను. ఒకటి, జనాన్ని ఏమని అడిగితే నిజం బయటికొస్తుంది? రెండు, ఓపెన్ సోర్స్ అంటే మాకేమైనా ఒరిగేది ఉందా, లేక బోర్డు మీద రాసుకోవడానికేనా?


బరంపురం బాబు రాశారు:

బాబాయ్, నాదీ మీ పక్కే, బరంపురం. ఇప్పుడు వైజాగ్‌లో ప్రోగ్రామర్‌ని. మీ రెండో ప్రశ్న ముందు తీసుకుంటా.

2015లో కేంద్రం రెండు విధానాలు తెచ్చింది. ప్రభుత్వ ఆఫీసుల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని ఒకటి, ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్ తెరిచి పెట్టి నలుగురూ కలిసి కట్టాలని ఇంకొకటి. ఓపెన్‌ఫోర్జ్ అనే కేంద్ర ప్రభుత్వ సైటు ఆ దారిలో వచ్చిందే. అందరికీ తెలిసిన ఉదాహరణ కోవిడ్ రోజుల్లోని ఆరోగ్య సేతు. యాప్ 2020 ఏప్రిల్‌లో వచ్చింది. ప్రైవసీ గురించి గొడవయ్యాక మే 26న ఆండ్రాయిడ్ కోడ్ బయట పెట్టారు, సర్వర్ కోడ్, అంటే ఫోన్ నుంచి వెళ్లిన వివరాలు అందుకునే వైపుది, మాత్రం ఆ రోజు రాలేదు. అంటే ఓపెన్ అన్నప్పుడు ఎంత మేర ఓపెన్ అని అడగాలి. వాకిలి తీసినంత మాత్రాన లోపల మనిషి ఉన్నట్టు కాదు.

మీకు ఒరిగేది ఒకటుంది. కోడ్ పెట్టిన చోట ఇష్యూలు అని ఒక పేజీ ఉంటుంది. ఎవరైనా అక్కడ తప్పు రాసి పెట్టొచ్చు, దానికి నంబర్ పడుతుంది, ఎవరు చూశారో, ఏం చేశారో, చెయ్యకుండా ఎప్పుడు మూసేశారో లోకమంతా చూడొచ్చు. నక్షత్రాల ఫారం బీరువాలోకి వెళ్తే ఎవరికీ తెలీదు. ఇష్యూని మూసెయ్యాలంటే కనీసం ఎవరో ఒకరు మూసినట్టు కనిపిస్తుంది.

మొదటి ప్రశ్నకి: ఎలా ఉంది అని అడగొద్దు. మన దగ్గర ఎలా ఉన్నారంటే బాగున్నాం అనే కదా చెప్తాం. "పోయినసారి కాగితం కోసం వచ్చినప్పుడు ఏం జరిగింది? ఎన్నిసార్లు తిరిగారు? ఎందుకు తిప్పి పంపారు?" అని అడిగి ఊరుకోండి. మీరు పని చేస్తున్నప్పుడు మీ చెయ్యి ఎక్కడ ఆగిందో ఒక చీటీ మీద రాయండి. ఒక చీటీకి ఒకే ఇబ్బంది. ఏ పేజీ, ఏం కొట్టారు, ఏం వచ్చింది, ఏం రావాలి. ఈ నాలుగూ ఉంటే ప్రోగ్రామర్‌కి పని దొరికినట్టే.

ఆ ఖాళీ పెట్టె సంగతి చదివి ఎగిరి గంతేశాను, ఏమనుకోకండి. తెలుగులో ఎ, ఏ రెండున్నాయి, ఒడియాలో ఒక్కటే. యూనికోడ్ అంటే కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పద్ధతి. దాంట్లో మన భాషల పట్టికలు పక్కపక్కనే ఒకే వరసలో ఉంటాయి, తెలుగులో ఏ గడిలో క ఉందో ఒడియా పట్టికలోనూ ఆ గడిలోనే క ఉంటుంది. కొందరు ప్రోగ్రామర్లు ఈ వరస చూసి గడికి గడి మార్చేస్తారు. కానీ హ్రస్వమైన ఎత్వం ఉండాల్సిన గడి ఒడియా పట్టికలో ఖాళీ. వెంకటమ్మలో ఎత్వం ఆ ఖాళీలో పడి పెట్టె అయింది. హ్రస్వమైన ఒత్వానికీ ఇదే గతి, కావాలంటే "కొండ" కొట్టి చూడండి. ఇది నా ఊహే, కోడ్ చూస్తే తేలిపోతుంది. ఓపెన్ సోర్స్ కాబట్టి చూడగలం కూడా. లింకు పంపండి.

ఒక జాగ్రత్త. ఇష్యూల పేజీ అందరికీ కనిపిస్తుంది. ఆవిడ అసలు పేరు, ఆధార్ నంబరు, సర్టిఫికెట్ ఫొటో అక్కడ పెట్టొద్దు. స్క్రీన్‌షాట్ అయితే పేరు, నంబరు చెరిపేసి పెట్టండి.


రాయగడ పాత కాపు రాశారు:

ఇదంతా తంతు అండీ. టెండరు ఎప్పుడో అయిపోయి ఉంటుంది, రంగులు కూడా ఖాయం చేసేసి ఉంటారు. జనాన్ని అడిగాం అని ఫైల్లో ఫొటో ఉండాలి కాబట్టి మీకు సమోసాలు పెట్టారు. మీ షాపు కరెంటు బిల్లు చూసుకోండి.


సిరొంచ సేతు రాశారు:

తమ్ముడూ, మాది సిరొంచ, మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా. మీకు ఒడియా ఎట్లనో మాకు మరాఠీ అట్ల. నేను మా ఆయనా కలిసి సేతు కేంద్రం నడుపుతం, మీ సేవాకేంద్రం లాంటిదే. మీ పెట్టె కథ చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మరాఠీ ఫారంలో ఆడనావ్ అని ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి, తండ్రి పేరుకో భర్త పేరుకో ఒక గడి. మనోళ్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించి రాసుకునేటోళ్లు ఎంతమంది లేరు? ఒక్క అక్షరం కొడితే గడి ఒప్పుకోదు. అప్పుడు మేమే ఏదో ఒకటి పూర్తిగా కొడతం. అదే పిల్లల టీసీలో ఇంకో తీరుగ ఉంటది. ఇక తిరుగుడే.

బాబు చెప్పినవన్నీ బాగానే ఉన్నయి గానీ ఒకటి మరిచిండు. ఆ సైటుని వాడేది వెంకటమ్మ కాదు, నువ్వు. లాగిన్ నీది, మౌస్ నీది. భువనేశ్వర్‌లో కూర్చున్నోళ్ల లెక్కలో వందమంది పని ఒక్క మనిషి చేసినట్టే కనిపిస్తది. ఆమె వాళ్లకి కనిపించనే కనిపించదు. అందుకని చీటీలు రెండు రకాలుగా పెట్టు. నీ ఇబ్బంది వేరు, ఆమె ఇబ్బంది వేరు.

నీ ఇబ్బంది ఎట్లుంటదో చెప్తా. ఇంతకుముందు మేం వాడిన ఒక సైటును ఇట్లనే కొత్తగా చేసిన్రు. ఫోన్‌లో బాగుండాలని పెద్ద పెద్ద బటన్లు, పేజీకి ఒక ప్రశ్న. చూడ ముచ్చటగ ఉంది. కానీ మేం రోజుకి నలభై ఫారాలు కొట్టేటోళ్లం. చెయ్యి కీబోర్డు మీద నుంచి తియ్యకుండా ట్యాబ్, ట్యాబ్, ఎంటర్ అని పోయేది. కొత్తదాంట్ల ట్యాబ్ నొక్కితే ఎక్కడికో పోతది. అడిగేటప్పుడు మమ్మల్ని అడగలే, ఫోన్ ఉన్న పిల్లల్ని కాలేజీల అడిగిన్రు. వాళ్లు బాగుంది అన్నరు. వాళ్లకి బాగానే ఉంది మరి.

ఆమె ఇబ్బంది స్క్రీన్ మీద ఉండదు. చేతికొచ్చే రసీదు కాగితం మీద ఉంటది. ఏ తారీఖు మళ్ల రావాలె, ఎవరి దగ్గర ఆగింది, ఇంకా ఎంత కట్టాలె, ఈ మూడూ పెద్ద అక్షరాలతో ఆమె చదివే భాషల ఉన్నయా? మా దగ్గర రసీదు మీద పెద్దగ ఉండేది శాఖ ముద్ర. ఆమెకి రసీదు చూపించి "దీంట్ల నీకేం తెలిసింది అమ్మా" అని అడుగు. సైటు గురించి అడిగితే ఏం చెప్తది పాపం.

రాయగడ అన్నా, నువ్వన్నది నిజమే అయ్యుండొచ్చు. అయినా రాసి పెడితే పోయేదేముంది?


బరంపురం బాబు రాశారు:

అక్కా, రసీదు మాట నాకు తట్టనే లేదు. దండం.

రాయగడ అన్నయ్యకి ఒక మాట. బార్సిలోనా నగరం వాళ్లు 2016లో డెసిడిమ్ అని ఒక సాఫ్ట్‌వేర్ మొదలెట్టారు, నగరం ప్లాను మీద జనం ప్రతిపాదనలు తీసుకోవడానికి. అది ఓపెన్ సోర్స్. తమాషా ఏంటంటే ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎలా మార్చాలన్నది కూడా దాంట్లోనే, మెటా డెసిడిమ్ అనే చోట, వాడేవాళ్లే ప్రతిపాదిస్తారు. ప్రతి ప్రతిపాదనా ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే కనిపిస్తుంది. బాబాయ్, మీ కుర్రాణ్ని ఇదొక్కటి అడగండి: మా చీటీల్లో ఏది తీసుకున్నారో, ఏది వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో ఎక్కడ రాసి పెడతారు? దీనికి జవాబు ఉంటే తంతు కాదు.


పర్లా కౌంటర్ రాశారు:

పది రోజులు ఇటు రాలేదు, క్షమించాలి. కాలేజీ అడ్మిషన్ల సీజను, ఊపిరాడలేదు.

చేసింది చెప్తాను. పాత క్యాలెండర్ వెనకవైపు కోసి చీటీలు చేశాను. నావి 19, కౌంటరు అవతలివాళ్లవి 31 అయ్యాయి. అక్క చెప్పినట్టు రసీదు చూపించి అడిగాను. ఒక సవర ముసలాయన రసీదు తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, కింద ఉన్న నా షాపు స్టాంపు మీద వేలు పెట్టి, "ఇది నువ్వు" అన్నాడు. ఆయనకి ఆ కాగితంలో తెలిసింది అదొక్కటే. ఆ చీటీ మీద నేనేం రాయాలో తెలీక ఆయన అన్నదే రాశాను.

ఎక్కువమంది చెప్పింది తారీఖు గురించే. ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) దగ్గర ఆగిందా, తహసీల్దారు దగ్గర ఆగిందా అన్నది వాళ్లకి అక్కర్లేదు. మళ్లీ ఎప్పుడు రావాలి, కూలి పోగొట్టుకుని వస్తే పని అవుతుందా, అంతే. అయిదేసి నక్షత్రాలు వేసిన ఆ పదిహేను మందిలో ఏడుగురు మళ్లీ వచ్చారు. ఈసారి వాళ్లే తిట్టారు, హాయిగా ఉంది.

బాబుకి లింకు పంపాను కదా, కోడ్ చూసి తన ఊహ నిజమేనన్నాడు. గడికి గడి మార్పే. ఇష్యూ ఇంగ్లీషులో రాసి ఇచ్చాడు, నా పేరు మీదే పెట్టించాడు. ఒక ముద్ద అన్నం ఎక్కువ తిన్నాను ఆ రోజు. నాలుగో రోజు ఆ భువనేశ్వర్ కుర్రాడు ఫోన్ చేశాడు. ఇంటిపేరు ముందెందుకు రాస్తారు, ఎ ఒకలా ఏ ఒకలా ఎందుకు పలుకుతారు అని అరగంట అడిగాడు. "కొండ" అని పలికించాను, అయిదోసారికి వచ్చింది. వాళ్ల పరీక్షల్లో ఒక్క తెలుగు పేరు కూడా లేదట. వ ఒడియాలో భ అయ్యే సంగతికి మాత్రం ఇప్పుడే మాటివ్వలేనన్నాడు, అది వాళ్లు రాసింది కాదట, వేరే చోట నుంచి తెచ్చి పెట్టుకున్నదట. ఏది తీసుకున్నారో ఎక్కడ రాస్తారని అడిగితే, పైవాళ్లని కనుక్కుని చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు. రాయగడ అన్నా, ఈ ముక్క మీ ఖాతాలో వేసుకోండి.

ఆ 22 ప్రశ్నల ఫారాలు కూడా నింపి ఇవ్వాల్సిందేనట.

ఇప్పుడొక సాయం కావాలి. పరీక్ష కోసం తెలుగు ఇంటిపేర్లు, పేర్లు ఒక వంద పంపమన్నాడు. ఎ, ఒ ఉన్నవి, ఒత్తులు ఎక్కువున్నవి. నేను మొదలెట్టాను: బొడ్డేపల్లి, కొర్ల, పెద్దింటి, తెంటు, గొర్లె, సొండి, చెల్లమ్మ, పొట్టెమ్మ. మీకు తోచినవి కింద రాయండి. మనిషి పూర్తి పేరు వద్దు, ఇంటిపేరు వేరే, పేరు వేరే చాలు. సిరొంచ అక్కా, మీ వైపువి కూడా.