చలివేంద్రం మీద దాత పేరు ఉండాలా, వద్దా?

కృష్ణాతీరం:
ఉగాది వెళ్లగానే వీధికో చలివేంద్రం వెలుస్తుంది. పందిరి కన్నా ఫ్లెక్సీ పెద్దది. తీరా రోహిణి కార్తె వచ్చేసరికి, మే ఆఖర్లో, కుండలు బోర్లించి ఉంటాయి. ఫ్లెక్సీలో దండం పెట్టే బొమ్మ మాత్రం అలాగే నవ్వుతుంటుంది. అసలు దాత పేరే రాయకూడదని నియమం పెడితే ఈ గోల సగం తగ్గుతుందని నా వాదన. గుప్తదానం అని పెద్దలు ఊరికే అనలేదు. పేరు ఆశించనివాళ్లే చివరిదాకా నడుపుతారు, ఆ తృప్తి కూడా వాళ్లకే.

మెట్టరైతు:
పేరు తీసేస్తే, కుండ ఎండినరోజు ఎవర్ని అడగాలండీ? చలివేంద్రాలు మూతపడేది స్వార్థం ఎక్కువై కాదు, లెక్క వేసుకోక. బస్టాండు దగ్గర రోజుకు 500 మంది తాగుతారనుకుందాం. మనిషికి 300 మి.లీ. చొప్పున 150 లీటర్లు. ఒలికేవి, గ్లాసులు కడిగేవి, సీసాలు నింపుకునేవాళ్లు కలిపి 200 అనుకోండి. అంటే 20 లీటర్ల క్యాన్లు రోజుకు 10. ఏప్రిల్, మే రెండు నెలలకు 610. కొబ్బరికాయ కొట్టే రోజున ఈ అంకె ఎవరూ వేసుకోరు. మూడో వారానికి చందాలు అయిపోతాయి.

ఇంకో పొరపాటు: పొద్దున 10 గంటలకు కుండ నింపడం. మట్టికుండలో నీళ్లు బాగా చల్లబడాలంటే ఐదారు గంటలైనా కావాలి. 12కి వచ్చినవాడికి గోరువెచ్చని నీళ్లే దక్కుతాయి. 30 లీటర్ల కుండలు 8 పెట్టుకుని, నాలుగు రాత్రే నింపాలి, తక్కిన నాలుగు తెల్లారి 6 లోపు. కింద తడి ఇసుక, చుట్టూ గాలి ఆడే చోటు. అందం కోసం కుండల చుట్టూ గుడ్డ తడికలు కట్టేస్తారు చూడండి, గాలి తగలక నీళ్లు చల్లబడవు.

నల్లగొండ నీళ్లు:
క్యాన్ల లెక్క మంచిగనే ఉంది. కానీ ఆ క్యాన్లల్ల వచ్చే ఆర్‌ఓ (మిషన్ల వడకట్టిన) నీళ్లల్ల క్రిములను చంపే క్లోరిన్ మిగలది. కుండల పోసి, నలుగురు చేతులు ముంచినంక సాయంత్రానికి అవి మంచి నీళ్లు అనే నమ్మకం లేదు. సర్కారు శుద్ధి చేసి పంపే మిషన్ భగీరథ నల్లా నీళ్లైతే మేలు. బోరు నీళ్లు ట్యాంకుల పడుతుంటే 1000 లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, గంట ఆగాలె. క్లోరోస్కోప్‌ల (క్లోరిన్ ఎంతున్నదో రంగుతోని చూపే పరికరం) చూస్తే లేత పసుపు రంగు రావాలె, లీటరుకు 0.5 మి.గ్రా. క్లోరిన్ మిగలాలె. మూత తీసిపెట్టిన పాత పౌడర్‌ల సత్తువ ఉండదు, గ్రాములు పెట్టి లాభం లేదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు మాత్రం వద్దే వద్దు. బ్లీచింగ్‌తోని ఫ్లోరైడ్ పోదు, కాగబెడితే నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడ్తది. పేరు రాయాలా వద్దా తర్వాత, ఏ నీళ్లో బోర్డు మీద రాయున్రి.

దోసిలి:
అందరూ ఒక సంగతి దాటేస్తున్నారు. పొడుగుకాడ గరిటెతో పైనుంచి దోసిట్లో పోయడం మన సంప్రదాయం అని కొందరు మురిసిపోతుంటారు. ఆ పద్ధతి శుభ్రత కోసమే పుట్టలేదు. కొన్ని కులాలవాళ్లు కుండ తాకకుండా, గ్లాసు ముట్టకుండా చూడటానికీ అదే దారి. హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి దానికి తోబుట్టువు. ఎవరో పోస్తారని ఎదురుచూడకుండా, తలవంచకుండా తాగగలిగినప్పుడే అది నీళ్లివ్వడం. కుళాయి బిగించిన కుండలు పెట్టండి, ఎవరికి వారు పట్టుకుంటారు. పోసేవాడి పుణ్యం కాస్త తగ్గినా పర్లేదు.

ఉప్పుగాలి:
కాకినాడ, విశాఖ వైపు గాలిలో తేమ ఎక్కువ, కుండ మీది చెమ్మ త్వరగా ఆరదు, చల్లదనమూ అంతంతమాత్రం. దాంతో ఐసు వేస్తారు. చేపల కోసం తయారైన ఐసు దిమ్మ తాగేనీళ్లలో వేయకండి. మజ్జిగ అయితే లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్లు, మూడు గంటల్లో అయిపోయేంతే చిలకండి.

కృష్ణాతీరం:
దోసిలి గారి మాటకు ఎదురు చెప్పలేను, కుళాయే సరి. కానీ పేరు విషయంలో నేను అక్కడే ఉన్నాను. రోజూ సాయంత్రం కుండ బోర్లించి, సబ్బు లేకుండా కొబ్బరిపీచుతో లోపల తోమే మనిషి పేరు ఏ ఫ్లెక్సీ మీదా చూడలేదు. సబ్బు రాస్తే మట్టి పీల్చుకుని మర్నాడు నీళ్లు వాసనేస్తాయని తెలిసింది ఆ మనిషికే. సేవ అక్కడుంది, రిబ్బను దగ్గర కాదు.

మెట్టరైతు:
అయితే ఆ మనిషికి కూలి ఇవ్వాలి. ఉచితంగా చేయించుకుని ‘నిస్వార్థం’ అనడం మనకు సులువు. బోర్డు మీద దాత పేరు బదులు రెండే రాయండి: నీళ్లు నింపిన టైము, కుండ ఎండితే చేయాల్సిన ఫోన్ నంబరు. నంబరు కొబ్బరికాయ కొట్టినవాళ్లది.

ఇక కుళాయి: కుండ అడుగు నుంచి రెండంగుళాలు పైన బిగించండి, మడ్డి కిందే ఉండిపోతుంది. రబ్బరు వాషర్లు లోపలొకటి, బయటొకటి. పానాతో బిగిస్తే కుండ పగులుతుంది, చేత్తోనే తిప్పాలి.

నల్లగొండ నీళ్లు:
వాషర్లు నాలుగు ఎక్కువే తెచ్చిపెట్టుకోన్రి. ఎండకు నెల తిరగకముందే గట్టిపడ్తయి, రాత్రి నింపిన కుండ తెల్లారేసరికి సగమైతది.